మూడో వారంలో పాప నవ్వకూడదు

తల్లి మనసులోని పెనుగులాట మీద నవల రాసేవాళ్లు తరచూ ఒక అధ్యాయానికి ప్రేమ, ఇంకో అధ్యాయానికి విసుగు వంతులేసి పంచుతారు. అలా పంచితే ఇద్దరు తల్లుల కథ అవుతుంది. రెండూ ఒకే నిమిషంలో ఉండాలి. "ఇక పడుకోవే, నీ కాళ్లు మొక్కుతా" అని పళ్లు బిగించి జోకొడుతుంది. తీరా నిద్రపోయాక ఊపిరాడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

ముందు గడియారం సరిచూసుకోండి. పుట్టిన కొత్తలో బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. తేన్పించడం, గుడ్డలు మార్చడం కలుపుకుంటే తల్లికి ఒక విడతకీ మరో విడతకీ మధ్య మిగిలేది ఎంత? అలాంటి బాలింత చేత నాలుగు పేజీల స్వగతం చెప్పిస్తే ఎవరు నమ్ముతారు! ఆమె ఆలోచన సగంలో తెగిపోవాలి. మిగతా సగం రెండు పేజీల తర్వాత, అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తుకు రావాలి.

నవ్వు సంగతి మరీ ముఖ్యం. మొహం చూసి నవ్వే నవ్వు సాధారణంగా 6 నుంచి 8 వారాలకు గానీ రాదు. అంతకుముందు నిద్రలో పెదాలు కదలడం వేరు. ఏడుపేమో రెండో వారం నుంచి పెరుగుతూ ఆరో వారం ప్రాంతంలో తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. అంటే ఏడుపు పెరిగే రోజుల్లోనే బదులుగా ఒక్క నవ్వూ దక్కదు. కథకు కావలసిన బిగువంతా అక్కడుంది. మూడో వారంలోనే పాప చేత బోసినవ్వు నవ్వించి ఆ బిగువును వదిలేస్తారు.

మనసుకు ఎదురుతిరిగే ఒళ్లును కూడా వాడుకోండి. ఇంటి నుంచి తప్పించుకుని బస్సెక్కిన తల్లికి, వెనక సీట్లో ఎవరి బిడ్డో ఏడిస్తే పాలు చేపుకొస్తాయి, జాకెట్టు తడుస్తుంది. ఆ తడి దగ్గర సంభాషణ అక్కర్లేదు.

జబ్బుతో కలిపేయకండి. కాన్పయిన రెండు మూడు రోజులకు మొదలయ్యే ఏడుపూ చిరాకూ రెండు వారాల్లో సద్దుమణుగుతాయి. అది దాటినా వదలని దిగులు ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు, దానికి చికిత్స ఉంది. నవల చివర డాక్టరును ప్రవేశపెట్టి తల్లి విసుగంతా జబ్బు ఖాతాలో రాసేయడం మాత్రం తప్పించుకోవడమే. పిల్లల డాక్టరూ మానసిక విశ్లేషకుడూ అయిన డొనాల్డ్ వినికాట్, 1949లో అచ్చైన వ్యాసంలో, మామూలు తల్లికే బిడ్డ మీద ద్వేషం కలగడానికి కారణాలు వరుసపెట్టి రాశాడు. తల్లి పెడితే వద్దని, పిన్ని దగ్గర శుభ్రంగా తినడం వాటిలో ఒకటి. (ఈ ఒక్కదానితోనే ఒక అధ్యాయం నడుస్తుంది.)

తిరగరాసేటప్పుడు "ఎంతైనా కన్నతల్లి కదా" లాంటి వాక్యాలు వెతికి కొట్టేయండి. విసుగు పక్కన "కానీ" కనిపించినా అంతే.