స్టీమ్‌పంక్ కుట్టే పిల్లలకు రాయలసీమ సరుకు

అమెరికాలో పెరుగుతున్న పిల్ల పద్నాలుగో పదిహేనో ఏట "స్టీమ్‌పంక్ దుస్తులు తయారుచేసి అమ్ముతా" అంటే ఇంట్లో రెండు ప్రశ్నలు లేస్తాయి. ఇదేం వేషం? దీంతో చదువు పాడవదా? మొదటిదానికి జవాబు చిన్నదే. ఆవిరి యంత్రాల కాలమే ఇంకా కొనసాగి ఉంటే మనుషులు ఏం తొడుక్కునేవారు, ఏ పనిముట్లు నడుముకు కట్టుకునేవారు అని ఊహించి చేసే దుస్తులివి. ఇత్తడి, తోలు, గాగుల్స్, వెయిస్ట్‌కోటు, ఆవిరి ఒత్తిడో నీటి మట్టమో చూపే గేజీలు. రెండో ప్రశ్నకు జవాబు ఆ పిల్ల ఏం చేస్తుంది, ఎలా చేస్తుంది అన్నదాన్నిబట్టి ఉంటుంది.

ఎక్కువమంది పాత లండన్ వేషంతో మొదలుపెడతారు. పొడుగు నల్ల టోపీ, దాని మీద బంకతో అతికించిన నాలుగు గడియారపు చక్రాలు. ఇలాంటివి ఫ్యాక్టరీల నుంచి కుప్పలుగా వస్తున్నాయి, చేత్తో చేసేవాళ్లు ఆ ధరతో పోటీపడలేరు. పైగా ఏ పనీ చేయని చక్రాన్ని అలంకారానికి అతికించడం ఈ కళ తెలిసినవాళ్లకు నచ్చదు. ఒంటి మీదున్న ప్రతి వస్తువుకూ ఒక పని ఉండాలి. ఆ పని చేసే మనిషి ఎవరో ముందు తేలాలి.

ఆ మనిషిని వెతకడానికి మన పిల్లలు లండన్ దాకా పోనక్కర్లేదు. 1871లో మద్రాసు రైల్వే లైను కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు చేరి బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. అంటే రైలింజన్‌లో బొగ్గు వేసే గుంతకల్లు ఫైర్‌మన్ నిజంగా ఆవిరి యుగం మనిషే. 1860లలో తవ్విన కర్నూలు-కడప కాలువ మొదట్లో సాగునీటికే కాదు, పడవలకు కూడా. లాకుల దగ్గర నీటి మట్టం చూసే మనిషికి గేజీలు, తాళాలు, లాంతరు అన్నీ అవసరమే. కడపలో సి.పి. బ్రౌన్ సొంత బంగళాలో పండితులను పెట్టి తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆ లేఖకుడి కళ్లకు భూతద్దాల కళ్లజోడు, నడుముకు గంటం ఒర ఎంత బాగా కుదురుతాయో ఊహించండి. ఇలాంటి ఒక్క మనిషిని తీసుకుని, అతను పొద్దున లేచి ఏం చేస్తాడో పిల్లచేత తెలుగులో పది వాక్యాలు రాయించండి. ఏ వస్తువులు చేయాలో ఆ పది వాక్యాల్లోనే తేలిపోతుంది.

ఒక వేషం మాత్రం వద్దని గట్టిగా చెప్పాలి. తెల్ల దొర హెల్మెట్, కలెక్టరు కోటు. అవి స్టీమ్‌పంక్ వేడుకల్లో మామూలుగా కనిపిస్తాయి. 1847 ఫిబ్రవరిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీసింది ఆ దొరతనమే. 1876-78 కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతున్నప్పుడు ఏలింది ఆ దొరతనమే. ఊరికే వద్దనకుండా ఈ సంగతి వివరంగా చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. డిజైన్ కూడా దానివల్ల పదునెక్కుతుంది.

ఇక సరుకు. వేసవి సెలవుల్లో అనంతపురం వచ్చినప్పుడు ధర్మవరం, నిమ్మలకుంట రెండూ ఒకే రోజులో చూసి రావచ్చు. 2022లో ఇవి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లినా అనంతపురం నుంచి దగ్గరే. ధర్మవరంలో పట్టుచీర కంటే ముందు అడగాల్సింది వాడి పడేసిన జకార్డు అట్టలు, అంటే ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు. డిజైన్ మారినప్పుడు, లేదా మగ్గానికి ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టుకున్నప్పుడు, దారంతో వరసగా కుట్టిన ఈ చిల్లుల అట్టలు పక్కన పడిపోతాయి. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డు తెచ్చిన ఈ పద్ధతిని చూసే ఇంగ్లండు గణితవేత్త చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల కార్డులు అనుకున్నాడు. స్టీమ్‌పంక్ అభిమానులకు బాబేజ్ పేరు చెబితే చాలు. ఇరవై ముప్పై అట్టల దండ భుజం మీదుగా వేసే పట్టీకి సరిపోతుంది. అట్ట చెమటకు మెత్తబడుతుంది కాబట్టి రెండు వైపులా పలచని షెల్లాక్ (లక్క వార్నిష్) రెండు పూతలు వేసి, ఒక్కో పూతా బాగా ఆరనివ్వాలి. పాత దారం పుటుక్కున తెగుతుంది. అది తీసేసి మైనం పట్టించిన నూలు దారంతో మళ్లీ కుట్టాలి. పాత నాడెలు, కండెలు కూడా అడిగి కొనుక్కోవచ్చు.

నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పుడు దీపాల షేడ్లు, గోడ బొమ్మలు కూడా చేస్తున్నాయి. ఆ మేకతోలు చెప్పుల తోలులా పదును పెట్టింది కాదు. వెంట్రుకలు తీసి, గీకి, సాగదీసి ఆరబెట్టిన పారదర్శకమైన తోలు. వెనక దీపం పెడితే రంగులు వెలుగుతాయి. బొమ్మలాటకు పనికొచ్చిన ఆ గుణమే గేజీ డయల్‌కూ పనికొస్తుంది. దేవుడి బొమ్మ కొని కత్తిరించే పని మాత్రం పెట్టుకోకండి. 7 సెంటీమీటర్ల వ్యాసం గల బిళ్లలు పది, అంచుకు చిల్లుల వరస, లోపల ౧ నుంచి ౧౨ దాకా తెలుగు అంకెలు, మధ్యలో "ఆవిరి" అనో "నీళ్లు" అనో రాసి ఇమ్మని కాగితం మీద గీసి చూపించండి. చిల్లుకూ చిల్లుకూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్లు వదలమనండి. అంతకంటే దగ్గరైతే తోలు ఆరేకొద్దీ అక్కడ చీలుతుంది. అడిగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి. అమ్మేటప్పుడు డయల్ ఎవరి పనో వాళ్లను అడిగి, వాళ్లకు ఇష్టమైతే కార్డు మీద పేరు వేయండి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. యంత్రం మీద అచ్చేసిన ప్లాస్టిక్ బిళ్లకు ఆ పేరు తగిలించడం చట్టరీత్యా తప్పు, ఆ పనివాళ్లకు ద్రోహం కూడా.

ఈ డయల్ పాడయ్యేది ఎక్కువగా అమెరికా చలికాలంలోనే. హీటర్ వేసిన ఇంట్లో గాలి ఎండిపోయి తోలు ముడుచుకుంటుంది. చుట్టూ బంకతో అతికిస్తే అంచు దగ్గర చిరుగుతుంది. అందుకని అంటించకుండా రెండు రింగుల మధ్య బిగించి, చుట్టూ 2 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ముందు వైపు 1 మిల్లీమీటరు మందం గల పారదర్శక అక్రిలిక్ షీటు తప్పనిసరి, ఎందుకంటే రంగులు తడి తగిలితే కారతాయి. వెనక ఇత్తడి డబ్బా మూత, లోపల వెలుగుకు ఎల్‌ఈడీ దీపాలు. తోలుకూ ఎల్‌ఈడీకీ మధ్య 2 సెంటీమీటర్లు ఉండాలి, లేకపోతే ఒకచోట మాత్రమే మంట పెట్టినట్టు చుక్క కనిపిస్తుంది. మధ్యలో బటర్ పేపర్ ముక్క పెడితే వెలుగు సమంగా పరుచుకుంటుంది. 1.5 వోల్టుల బ్యాటరీలు మూడు కలిపితే 4.5 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు పోను మిగిలిన 1.5 వోల్టులకు 100 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే 15 మిల్లీయాంపియర్లు ప్రవహిస్తుంది. ఎన్ని ఎల్‌ఈడీలుంటే అన్ని రెసిస్టర్లు. అన్నింటికీ ఒక్కటే పెడితే ఒకటి ప్రకాశంగా, ఒకటి మసకగా వెలుగుతాయి. గుండ్రని నాణెం బ్యాటరీలు వద్దు. ఇంట్లో చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ఇత్తడి కోసం పాత సామాన్ల అంగళ్లు తిరగాలి. పంపు స్టవ్వు బర్నర్లు, పాత కుళాయిలు, తాళాలు, గడియారాలు బాగుచేసే అంగడిలో చచ్చిపోయిన కీ గడియారాల లోపలి భాగాలు. పెట్రోమాక్స్ లైటు దొరికితే ఇత్తడి భాగాలే తీసుకోండి, పాత మాంటిల్‌ను ముట్టుకోవద్దు, వాటిలో థోరియం వాడేవారు. చీకట్లో వెలిగే పాత డయళ్ల పెయింట్‌ను గీకడం కూడా అంతే ప్రమాదం. కొత్త ఇత్తడిని పాతబరచాలంటే ముందు దాని మీది వార్నిష్ పొరను అసిటోన్‌తో తుడవాలి. అది ఉంటే పాత రంగు తెచ్చే ఏ ద్రావణమూ పనిచేయదు. అసలైన ఇత్తడి కుళాయి బరువు. అందుకని మోచేతి కవచం లాంటి పెద్ద వస్తువులకు 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ (తేలికైన మెత్తటి షీటు) కత్తిరించి, హీట్ గన్‌తో పై రంధ్రాలు మూసి, రెండు వైపులా కాంటాక్ట్ సిమెంట్ రాసి, చేతికి అంటనంత ఆరాక అతికించాలి. తడిగా ఉన్నప్పుడు అతికిస్తే నాలుగు రోజుల్లో విడిపోతుంది. ఆ బంక వాసన తలకెక్కుతుంది, తలుపులు తెరిచే చేయాలి. గాగుల్స్‌కు పీవీసీ పైపు ముక్కలు వాడేవాళ్లున్నారు. కోయొచ్చు, కానీ వేడి చేయకూడదు. విషవాయువు వస్తుంది.

వెయిస్ట్‌కోటుకు అవ్వ పాత పట్టుచీర అడుగుదామని అనిపించడం సహజం. ముందు అవ్వను అడగాలి, ఆ మాట పిల్లే అడగాలి. చీరను వెలుగుకు పట్టి మడతల దగ్గర రెండు బొటనవేళ్లతో మెల్లగా లాగి చూడండి. చిట్లితే ఆ బట్ట ఒంటి భాగానికి పనికిరాదు, అంచు, పైట చెంగు మాత్రమే తీసుకోవాలి. పద్నాలుగేళ్ల పిల్లకు పై బట్ట, లైనింగ్ చెరొక మీటరుంపావు చాలు. పాత పట్టు కింద పలచని మల్లు గుడ్డను చేతికుట్టుతో పట్టించాలి. అంటించే బక్రం వద్దు, దానికి కావాల్సిన ఇస్త్రీ వేడికి జరీ నల్లబడొచ్చు. గుండుసూదులు కుట్టుకు అవతల మిగిలే అంచులోనే గుచ్చాలి, పట్టు మీద పడ్డ చిల్లు పోదు. జరీ అంచు బిరుసు, చీర ఒడలు మెత్తన. భుజం వంపు మీద రెండూ కలిపితే ముడుతలు పడతాయి కాబట్టి అంచును ముందు గుండీల వరస వెంబడి నిలువుగానే వేయాలి.

పెరిగే పిల్లకు కార్సెట్ (నడుమును తాళ్లతో బిగించే బిరుసు దుస్తు) బిగించడం వద్దు. వెయిస్ట్‌కోటు వీపున రెండు వైపులా ఎనిమిదేసి ఐలెట్లు (తాడు దూర్చే లోహపు రింగులు) 3 సెంటీమీటర్ల ఎడంలో పెట్టి తాడు కడితే రెండేళ్లు పెరిగినా సరిపోతుంది. కింద క్యాన్వాస్ పట్టీ, వెనక వాషర్ లేకుండా ఐలెట్ కొడితే పట్టు చిరిగి ఊడివస్తుంది. చిల్లు కత్తెరతో కాకుండా చెప్పులు కుట్టే ఆరెతో పెట్టాలి. పోగులు తెగకుండా పక్కకు జరుగుతాయి. నడుముకు 5 సెంటీమీటర్ల తోలు పట్టీ మీద వడ్డాణం ఆకారంలో ఇత్తడి బిళ్లలు, వాటికి వేలాడే పనిముట్లు. ఇది కార్సెట్ కంటే అందంగా ఉంటుంది, ఇంకెవరి దగ్గరా దొరకదు.

టైలర్ దగ్గరికి జూన్‌లోనే వెళ్లాలి. శ్రావణం వచ్చిందంటే పెళ్లి జాకెట్ల పనితో ఊపిరాడదు. బ్రౌన్ పేపరు మీద ప్యాటర్న్ కత్తిరించి, కొలతలు అంగుళాల్లో రాసి, మొదట చవక కాటన్‌తో నమూనా కుట్టించండి. కొలతలు పిల్ల నోటితోనే చెప్పించండి. భుజం, చుట్టుకొలత, చంక, కాజా, అంచు, లైనింగ్. "అన్నా, ఇక్కడ అరంగుళం వదులు చేయాల" అని సొంతంగా చెప్పగలిగితే ఆ తెలుగు వారాంతపు తరగతిలో నేర్చుకున్నదానికంటే ఎక్కువకాలం నిలుస్తుంది. మనం పక్కన నిలబడి అనువాదం చేయకుండా ఉండాలి. అదే మనకు కష్టమైన భాగం.

తిరుగు ప్రయాణంలో విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టాలి. బొమ్మ తుపాకీ ఆకారం ఏదైనా చెక్-ఇన్ సామానులో వేయాలి. స్ప్రే పెయింట్ డబ్బాలు అసలు తేకూడదు. మేకతోలు ఉందని అమెరికా కస్టమ్స్‌కు ముందే చెప్పి చూపించాలి. అది పూర్తిగా పదునుపెట్టిన తోలు కాదు కాబట్టి దాచితే జరిమానా దాకా వెళ్తుంది. తర్వాత పార్సిల్‌లో తెప్పించుకుంటే సుంకం పడుతుంది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు చివర్లో ఆగిపోయింది.

అమ్మకం మొదలుపెట్టే ముందు వీసా చూడండి. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్న పిల్లకు పని అనుమతి లేకుండా వ్యాపారం చేసే వీలు లేదు. హెచ్-1బీ మీద ఉన్న తండ్రి పేరున అంగడి తెరిచి తానే నడిపినా ఇబ్బందే. అలాంటి ఇంట్లో పిల్ల కుట్టి, తొడుక్కుని, ఫొటోలతో పోర్ట్‌ఫోలియో పెంచుకోవడం వరకే ఆగాలి. సందేహం ఉంటే ఇమిగ్రేషన్ లాయరును అడగాలి. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉంటే, 18 ఏళ్లు నిండని పిల్ల చేతిపని వస్తువులు అమ్మే వెబ్‌సైటు ఎట్సీలో తల్లిదండ్రుల ఖాతా కింద, వాళ్ల పర్యవేక్షణలో అమ్మొచ్చు. 12 ఏళ్లు, అంతకంటే చిన్న పిల్లల కోసం అని అమ్మితే సాధారణంగా ప్రయోగశాల పరీక్షలు, ధ్రువపత్రం కావాలి. కాబట్టి పెద్దల సైజులే చేయండి. దుస్తులకు ఏ రకం పోగు ఎంత శాతం, ఏ దేశంలో తయారైంది, ఎవరు చేశారు అన్న లేబుల్ ఉండాలి. ఏడాదికి నికర ఆదాయం 400 డాలర్లు చేరితే పన్ను రిటర్న్ వేయాలి.

ధర లెక్క పిల్లచేతే వేయించండి. వెలిగే డయల్ ఒకదానికి సామాను 14 డాలర్లు, పని నాలుగు గంటలు అనుకుందాం. 40 డాలర్లకు అమ్మితే ఎట్సీ 6.5 శాతం కింద 2.60, చెల్లింపు రుసుము 3 శాతం, దానికి తోడు 25 సెంట్లు, లిస్టింగ్‌కు 20 సెంట్లు, అన్నీ కలిపి 4.25 పోతుంది. సామాను ఖర్చు కూడా తీసేస్తే 21.75 మిగిలి, గంటకు అయిదున్నర డాలర్లు కూడా రాదు. 95కి అమ్మితే రుసుములు 9.48, మిగిలేది 71.52, గంటకు దాదాపు 18. పోస్టేజీ మీద కూడా ఆ శాతాలు పడతాయి కనుక దాన్నీ లెక్కలో చేర్చాలి. 95 పెట్టే కొనుగోలుదారు ఫ్యాక్టరీ చక్రాల టోపీకి అంత ఇవ్వడు. ఆ ధర నిలబడాలంటే ఫొటోలో డయల్ చీకట్లో వెలుగుతూ ఒకటి, పగటి వెలుగులో అంకెలు కనిపించేలా ఒకటి, వెనక మూత తీసి వైర్ల పని చూపేలా ఒకటి ఉండాలి. పిల్ల తెలుగులో రాసిన ఆ గుంతకల్లు ఫైర్‌మన్ పది వాక్యాలను తనే ఇంగ్లీషులో చెప్పి వివరణలో మొదట పెట్టాలి.