కర్నూలు నుంచి కర్నెల్‌కి

కర్నూల్లో మా మిద్దె ఎక్కితే తుంగభద్ర కనిపిస్తుంది. సముద్రం చూడాలంటే మాత్రం ఒంగోలు దాకా ఒక పూట ప్రయాణం. మా అమ్మ ఈ అరవై నాలుగేళ్ళలో సముద్రాన్ని రెండుసార్లే చూసింది, ఒకసారి రామేశ్వరంలో, ఒకసారి కన్యాకుమారిలో. అందుకే సిడ్నీలో ఉండే మా అక్క ఫోన్ చేసి "జూన్ చివర్లో రండి, ఇక్కడ తిమింగలాలు పోయే కాలం, అమ్మకి చూపిస్తా" అన్నప్పుడు అమ్మ అడిగిన మొదటి మాట, "పోయేది నీళ్ళ లోపల కదా, మనకెట్లా కనిపిస్తాయే?" నిజానికి నాదీ అదే డౌటు.

మొదట పడవెక్కాం. హార్బర్ లోపల ఉన్నంతసేపు బాగుంది, ఓపెరా హౌస్ పక్క నుంచి పోతుంటే అమ్మ నిలబడి మరీ చూసింది. హార్బర్ దాటి పెద్ద సముద్రంలోకి వచ్చాక అలలు మొదలయ్యాయి, అమ్మకి వాంతులు పట్టుకున్నాయి. టికెట్టు అమ్మినవాళ్ళు కడుపులో తిప్పుతుందని, ముందే మాత్ర వేసుకోవాలని ఒక్క ముక్క చెప్పలేదు, ఆ కోపం నాకింకా పోలేదు. మూడు గంటల్లో దూరంగా ఒక నల్లటి వీపు రెండుసార్లు తేలింది. అమ్మ అదీ చూడలేదు, నా భుజం మీద తల పెట్టి కళ్ళు మూసుకునే ఉంది. పడవ ఇంకాస్త దగ్గరికి పోతే బాగుండు అనిపించింది కానీ అక్కడ రూలు ఉంది, తిమింగలానికి 100 మీటర్ల లోపుకి పడవ పోకూడదు, పక్కన పిల్ల ఉంటే ఇంకా దూరంగా ఉండాలి. ఆ రూలు ఎందుకు పెట్టారో రెండు రోజుల తర్వాత బాగా అర్థమైంది.

ఆ రాత్రి బావ అన్నాడు, "అత్తమ్మా, ఈసారి పడవ వద్దు, నేల మీదే నిలబడి చూద్దాం. కర్నెల్ పోదాం."

"కర్నూలా?" అంది అమ్మ.

నిజంగానే ఆ ఊరి పేరు కర్నెల్. అక్క వాళ్ళుండే పేట పేరేమో తూంగాబీ. తుంగభద్ర ఒడ్డున పుట్టినవాళ్ళకి ఒకే దారిలో ఈ రెండు పేర్లూ తగిలితే ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు, కారులో గంటసేపు అమ్మ అవే తలుచుకుంటూ వచ్చింది. కర్నెల్ సిడ్నీకి దక్షిణాన బాటనీ బే అనే సముద్రపు పాయ పక్కన ఉంటుంది. 1770లో కెప్టెన్ కుక్ ఓడ దిగింది అక్కడే, గ్వీగల్ అనే జనం వేల ఏళ్ళుగా బతుకుతున్న నేల మీద. ఊళ్ళోనే సముద్రపు నీళ్ళని తాగునీళ్ళు చేసే పెద్ద ప్లాంటు కూడా ఉంది. సిడ్నీ నీళ్ళలో 15 శాతం దాకా అదొక్కటే ఇవ్వగలదని బావ చెప్పినప్పుడు, ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడిన మనుషులం, కారు ఆపించి మరీ చూశాం.

ఊరు దాటి పార్కులోకి పోతే చివర్న కేప్ సోలాండర్. కుక్ ఓడలో వచ్చిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త పేరు పెట్టారు. పెద్ద బండరాతి అంచు, కింద నురగ కక్కే నీళ్ళు, ఎదురుగా ఏమీ లేని సముద్రం. మన బేతంచెర్ల బండల్లాగే పొరలు పొరలుగా ఉన్న రాయి. ఉత్తరానికి పోయే హంప్‌బ్యాక్ తిమింగలాలు ఇక్కడ ఒడ్డుకి బాగా దగ్గరగా పోతాయి, అందుకే జనం ఇక్కడికొస్తారు. పోయేవాళ్ళకి ఒక మాట, మధ్యాహ్నం పోండి. అక్కడ మనం తూర్పుకి తిరిగి నిలబడాలి, పొద్దున పూటైతే ఎండ నీళ్ళ మీద పడి కళ్ళల్లోకే కొడుతుంది. స్వెట్టరు మాత్రం మర్చిపోవద్దు, జూన్, జూలై అక్కడ చలికాలం, గాలి చెవులు కోస్తుంది.

నలభై నిమిషాలు ఏమీ లేదు. అక్క తెచ్చిన ఉగ్గాని తిన్నాం. పక్కన బైనాక్యులర్స్ పెట్టుకుని కూర్చున్న ఒక ముసలాయన అమ్మని చూసి, వేలితో చూపించకుండా, చెయ్యి అంతా చాపి కుడి నుంచి ఎడమకి మెల్లగా తిప్పాడు. ఒకే చోట చూడొద్దు, మొత్తం సముద్రాన్ని చూడు అని. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రమే, కానీ ఆ సైగ వెంటనే అర్థమైంది. మబ్బు కోసం మేం చూసేది అట్లాగే కదా.

మొదట చూసింది అమ్మే. "అదో, ఆడ పొగ!" అంది. పొయ్యి ఊదినప్పుడు లేచినట్టు తెల్లగా గుప్పున లేచి, గాలికి పక్కకి వాలిపోయింది. అది తిమింగలం వదిలిన ఊపిరి. తర్వాత వీపు, వీపు మీద చిన్న మూపురం, ఇంకో ఊపిరి, ఇంకోటి, ఆ తర్వాత వీపు బాగా వంచి తోకని మొత్తం పైకి లేపి, తొందరేమీ లేకుండా లోపలికి దిగిపోయింది. అది దిగిన చోట నూనె పోసినట్టు నున్నటి మడుగు మిగిలింది, చుట్టూ అలలు ఊగుతున్నా ఆ గుండ్రం మాత్రం కాసేపు చెదరలేదు. తోక కింది మచ్చలు ఏ రెండిటికీ ఒకేలా ఉండవట, మన వేలిముద్రల్లాగా, వాటితోనే గుర్తుపడతారట. ఎవరూ మాట్లాడలేదు. నాకు గొంతు పట్టేసింది, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

తర్వాత అవి వస్తూనే ఉన్నాయి, ఒకటి, రెండు, ఒక్కోసారి మూడు కలిసి. ఒకటైతే ఒడ్డుకి మూడొందల మీటర్ల దూరం కూడా ఉండదు, నీళ్ళలోంచి మొత్తం ఒళ్ళు పైకి ఎగిరి పక్కకి పడింది. ముందు నీళ్ళు లేచాయి, చప్పుడు తర్వాత వచ్చింది. పధ్నాలుగు పదిహేను మీటర్ల పొడుగు, ముప్పై టన్నుల బరువు.

అమ్మ కోసిగి దగ్గర ప్రైమరీ స్కూల్లో ఇరవై ఏళ్ళు టీచరుగా చేసింది. "ఇవి యాడికి పోతున్నాయి?" అని అడిగింది. అక్క చెప్పింది, ఎండాకాలమంతా అంటార్కిటికా దగ్గర క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని తిని, ఒళ్ళంతా కొవ్వు పట్టించుకుని, ఇప్పుడు క్వీన్స్‌లాండ్ వైపు వెచ్చటి నీళ్ళకి పిల్లల్ని కనడానికి పోతున్నాయి, పోనూ రానూ పది వేల కిలోమీటర్లు, దారిలో దాదాపు ఏమీ తినవు.

"అంటే సుగ్గికి పోయినట్టు కాదు," అంది అమ్మ, "మనోళ్ళు తిండి లేక పోతారు, ఇవి తిండి వదిలిపెట్టి పోతున్నాయి."

కోసిగి, ఆదోని వైపు తెలిసినవాళ్ళకి సుగ్గి అంటే చెప్పక్కర్లేదు. పత్తికి, మిరపకి గుంటూరు వైపు కూలికి, ఇళ్ళకి తాళాలేసి పోతారు, పిల్లల్ని కూడా తీసుకునే పోతారు. ఆ నెలల్లో అమ్మ రిజిస్టర్లో సగం పేర్లకి ఆబ్సెంటే. రోజూ మిగిలినవాళ్ళని లెక్కపెట్టిన అలవాటేమో, నా దగ్గర పెన్ను అడిగి పార్కింగ్ చీటీ వెనకాల గీతలు గీయడం మొదలుపెట్టింది. పక్కనున్న ముసలాయన అది చూసి సంతోషంగా నవ్వాడు. ఇదే అంచు మీద 1997 నుంచి ఏళ్ళ తరబడి వాలంటీర్లు చలికాలమంతా కూర్చుని ఇట్లాగే లెక్కపెట్టారు.

ఆ లెక్క ఎందుకు ముఖ్యమంటే, ఒకప్పుడు లెక్కపెట్టడానికి ఇవి దాదాపు మిగల్లేదు. ఇదే తీరంలో సిడ్నీకి ఉత్తరాన ఉన్న రెండు ఊళ్ళలో, 1952 నుంచి టాంగలూమాలో, 1954 నుంచి బైరన్ బేలో, నూనె కోసం వీటిని పట్టి కోశారు. 1962లో ఆ రెండు చోట్లా పని ఆగిపోయింది, జాలేసి కాదు, పట్టడానికి తిమింగలాలు లేక. ఈ తీరంలో కొన్ని వందలే మిగిలాయట. 1963లో దక్షిణార్ధగోళంలో హంప్‌బ్యాక్‌ల వేట నిషేధించారు. ఇప్పుడు మళ్ళీ పదుల వేలల్లో ఉన్నాయి, 2022లో ఆస్ట్రేలియా వీటిని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి తీసేసింది. మనిషి చెయ్యి తీసేస్తే చాలు, అవే వచ్చాయి. పోయిన ప్రాణులు తిరిగి రావడం నా కళ్ళతో నేను చూసింది అదొక్కటే.

చీకటి పడేసరికి అమ్మ చీటీ మీద పదిహేడు గీతలు.

జూలైలో తిరిగొచ్చేశాం. ఆ చీటీ ఇప్పుడు దేవుడి గూట్లో ఉంది. దీపావళి దగ్గర పడినప్పుడు అక్క మళ్ళీ కర్నెల్ నుంచి వీడియో కాల్ చేసింది, మేమప్పుడు మిద్దె మీద ఉన్నాం. ఈసారి అవి కుడివైపుకి, వచ్చిన దారినే దక్షిణానికి పోతున్నాయి, ఒడ్డుకి కాస్త దూరంగా. అదే వారం కోసిగి నుంచి అమ్మ దగ్గర చదివిన ఒకామె ఫోన్ చేసి, రేపు గుంటూరుకి బండెక్కుతున్నాం మేడం, అని చెప్పింది.

అమ్మ ఫోన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని అడిగింది, "పిల్లలు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా, పక్కనే అంటుకుని పోతోంది చూడు, చిన్న పొగ."

అమ్మ నా వైపు చెయ్యి చాపింది, పెన్ను కోసం.