డిండి చాచా, జర్దా డబ్బాలో జెట్లు

బైక్ మీద శ్రీశైలం వెళ్తూ ఆమనగల్లు దాకా ఓపిక పట్టాను. కొట్ర చౌరస్తా వచ్చేసరికి అదీ అయిపోయింది. యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ సైలెన్సర్ టపటపమని పేలుతోంది, రోడ్డు పక్క మేకలు బెదిరి చేలల్లోకి దూరుతున్నాయి. సెలవు రోజు శ్రీశైలం రోడ్డు ఎలా ఉంటుందో మీకు తెలిసిందే, కార్ల వెనక కార్లు. ఒకటి దాటుదామని పూర్తిగా తిప్పితే బండి లాగకపోగా ఒక్క క్షణం నీరసపడి, ఆ తర్వాత గానీ అందుకోవడం లేదు. ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు ఆ ఒక్క క్షణం చాలా పెద్దది.

బండి పాత బుల్లెట్, గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కు పంపే మిక్‌కార్బ్ కార్బొరేటర్‌ది. నాకు అమ్మినాయన లోపల ఖాళీగా ఉండి మోత మోగే పంజాబ్ సైలెన్సర్ వేయించి, ఫిల్టర్ డబ్బా పీకించి ఓపెన్ ఫిల్టర్ తగిలించాడు. కార్బొరేటర్ లోపల పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు, అంటే జెట్లు మాత్రం కంపెనీ ఇచ్చినవే. బయల్దేరే ముందు సిటీలో ఒక షాపులో చూపిస్తే, ట్యూనింగ్ పేరుతో 1,200 తీసుకుని ఐడిల్ స్క్రూ కాస్త తిప్పి, గట్టిగా రేజ్ చేసి, ‘సౌండ్ చూడు బాసూ’ అన్నారు. నేను సౌండ్ గురించి అడిగితే కదా!

డిండిలో చేపల ఫ్రై కోసం ఆగాను. ప్లేటు రేటు చూస్తే రిజర్వాయర్ ఎదురుగా ఉందో, సముద్రం నుంచి విమానంలో తెప్పించారో అర్థం కాలేదు. పక్కనే రేకుల షెడ్డు, దాని ముందు గడ్డం నెరిసిన చాచా ఒకాయన మోపెడ్ విప్పుకుని కూర్చున్నాడు. నేను బండి ఆపేటప్పుడు వచ్చిన పేలుళ్లు విన్నట్టున్నాడు.

“గాలి ఎక్కువైంది బేటా, పెట్రోల్ మాత్రం పాత లెక్కనే పోతున్నది. ప్లగ్ ఇప్పు.”

విప్పితే కొన సున్నం తెల్లగా ఉంది, పెట్రోల్ చాలడం లేదనడానికి అదే గుర్తు. నాకు ఎవరూ చెప్పని పాఠం ఆయన మోపెడ్ నట్లు బిగిస్తూనే చెప్పాడు. ఫిల్టర్ డబ్బా గాలిని కొంత అడ్డుకుంటుంది, ఆ అడ్డు వల్లే కార్బొరేటర్‌లో పీల్పు పెరిగి జెట్ నుంచి పెట్రోల్ పైకి వస్తుంది. డబ్బా తీసేస్తే గాలి తేలిగ్గా దూరిపోతుంది, పెట్రోల్‌ను లాగే ఆ పీల్పు తగ్గుతుంది. ఖాళీ సైలెన్సర్ ఇంకోవైపు నుంచి పొగను త్వరగా బయటికి వదిలేస్తుంది. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం ఇంకాస్త పలచన. ఇలాగే తోలితే ఇంజిన్ వేడెక్కి వాల్వుకో పిస్టన్‌కో ముప్పు.

“వైరుతో జెట్ రంధ్రం కొంచెం పెద్దది చేయరాదా చాచా?” అన్నాను. కోపంగా చూశాడు. “ఇత్తడి మెత్తగుంటది. వైరు పెట్టినవంటే ఎంత పెద్దగైందో నీకూ తెల్వది, నాకూ తెల్వది.”

మా ఇంట్లో కిరోసిన్ పంపు స్టవ్ గుర్తొచ్చింది. నిపిల్‌ను పిన్నుతో గట్టిగా పొడిస్తే అమ్మ అరిచేది. రంధ్రం సాగితే మంట పసుపుగా మారి గిన్నె అడుగంతా మసి. జెట్ కూడా అదే జాతిది.

ఆయన జర్దా డబ్బా బోర్లిస్తే గుడ్డ మీద చిన్న చిన్న జెట్లు రాలాయి. ఒక్కోదాని నెత్తి మీద చెక్కిన అంకెను ఫోను లైటు వేసి చదివాడు, నోటితో ఊది, ఎండకు పట్టుకుని రంధ్రం చూశాడు. పాతదాని కన్నా అంకె 10 ఎక్కువున్న, అంటే రంధ్రం పెద్దదైన మెయిన్ జెట్ వేశాడు. జెట్‌లోకి దిగే సూదికి ఉన్న క్లిప్‌ను ఒక గాడి కిందికి దింపాడు, అంటే సూది పైకి లేచి సగం యాక్సిలరేటర్ దగ్గర పెట్రోల్ పెరుగుతుంది. గాలి తగ్గేలా ఎయిర్ స్క్రూను అర చుట్టు లోపలికి తిప్పాడు. వదిలినప్పుడు వచ్చే పేలుడుకు మందు అదేనట.

తర్వాత నన్ను హాజీపూర్ వైపు పంపాడు. మూడో గేరులో పూర్తిగా తిప్పి, ఉన్నట్టుండి క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి, అక్కడే ప్లగ్ విప్పి చూడమన్నాడు. ఐడిల్‌లో నడిపి చూస్తే మెయిన్ జెట్ సంగతి తెలియదు, దాని పని ముప్పావు యాక్సిలరేటర్ దాటాకే. చేతిగుడ్డతో పట్టుకున్నా వేలు చురుక్కుమంది, కానీ ప్లగ్ లేత ఇటుక రంగుకు వచ్చింది, అంటే మిశ్రమం సరిపోయింది. పేలుళ్లు లేవు. కార్లను దాటేటప్పుడు ఆ వెలితీ లేదు.

250 తీసుకున్నాడు. పాత జెట్‌ను కాగితంలో చుట్టి ఇచ్చాడు. “అసలు సైలెన్సర్, డబ్బా మళ్లీ పెడ్తే గిదే వేయించుకో. లేకుంటే ప్లగ్ నల్లగై మైలేజీ పోతది.”

అప్పటికే సాయంత్రం. అడవి రోడ్డు మొదట్లో ఉన్న మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూసేస్తారు కాబట్టి కాస్త టెన్షన్ పడుతూనే వెళ్లాను. అక్కడ గార్డు డబ్బులు అడగలేదు, కాగితాలూ అడగలేదు, సైలెన్సర్ వంక చూశాడు. “పులుల అడవి సార్, గీ మోతతో పోతవా?” నా దగ్గర జవాబు లేదు. అమ్రాబాద్ అడవిలో ఫరహాబాద్, వటవర్లపల్లి దాటి దోమలపెంట దాకా పావు యాక్సిలరేటర్ కన్నా ఎక్కువ తిప్పలేదు. సగం రోజు పెట్టి మార్చిన మెయిన్ జెట్‌కు అక్కడ పనే పడలేదు, నడిపించిందంతా తక్కువ యాక్సిలరేటర్‌లో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్టూ ఆ అర చుట్టు స్క్రూనే.

దర్శనం, డ్యామ్ అందరికీ తెలిసినవే. తిరుగు ప్రయాణంలో మైలేజీ తగ్గింది, లీటరు 107 రూపాయలు దాటిన రోజుల్లో అది పర్సుకు తెలుస్తుంది. అయినా వాల్వు కాలడం కన్నా నయం. ఇప్పుడు కంపెనీ సైలెన్సర్ కోసం వెతుకుతున్నాను. సెకండ్ హ్యాండ్‌దే రెండున్నర వేలు చెబుతున్నారు. అదీ మోత తగ్గించే లోపలి జాలీ పీకేసినది!