కోసిన కొన దగ్గర

అమలాపురం దగ్గర ఉన్న మా ఇంట్లో ద్వారబంధాల చుట్టూ, గోడల అడుగునా ప్రైమర్ ముందే పూసి వచ్చిన చెక్క బీడింగులు, అంటే అంచుల వెంట వేసే సన్నని పట్టీలు, బిగించే పని నిన్నటితో పూర్తయింది. ఇంటి వెనుక పంట కాలువ, చుట్టూ కొబ్బరితోటలు ఉండడం వల్ల ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. తెచ్చిన రోజే బిగించేద్దామని నేను తొందరపడితే, వడ్రంగి మేస్త్రిగారు ఒప్పుకోక, కట్టలు విప్పించి, అదే గదిలో అడ్డచెక్కల మీద 5 రోజులు పరచి ఉంచారు. చెక్క తేమకు పొడవునా దాదాపు మారదని, అడ్డంగానే ఉబ్బుతుందని, గది గాలికి అలవాటు పడకముందే బిగిస్తే మూలల్లో అతుకులు విచ్చుకుంటాయని ఆయన వివరించారు.

నేను పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. ముందుగా పూత ఉన్నప్పటికీ, 45 డిగ్రీల కోణంలో కోసిన ప్రతి కొన దగ్గరా పూత లేని చెక్క బయటపడుతుంది. నీటిని అన్నిటికంటే వేగంగా పీల్చేది ఆ కొనే. వంటగది గుమ్మం దగ్గర రెండు కొనలకు ప్రైమర్ పూయకుండానే నేను బిగించేశాను. వాటిని ఊడదీసి, పూసి, ఆరనిచ్చి, తిరిగి బిగించడానికి ఒక పూట పట్టింది. ఆ తొందరపాటుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

తరువాత మేకుల తలలను లోపలికి దించి, గుంటలను పుట్టీతో నింపి, గరుకు కాగితంతో నునుపు చేశాము. ప్రైమర్ అడుగు పూత మాత్రమే కనుక దానిపై రెండు పూతల ఎనామిల్ వేశాము. రోజూ తడిగుడ్డతో తుడిచే నేల కాబట్టి, అడుగు అంచుకు మాత్రం మేస్త్రిగారు తమ చేత్తోనే మూడో పూత వేశారు.