తొడుగు మరిచిన తీగ

"ఫ్యానుకా, మోటారుకా?" అన్నాడు ఎలక్ట్రికల్ షాపు కుర్రాడు. రెండింటికీ కాదు, నా హ్యామ్ రేడియో (సరదాకి ఇంట్లోంచి ఊరూరి వాళ్ళతో మాట్లాడుకునే రేడియో) ఏరియల్‌కి అంటే ఇంకో అరగంట నిలబెడతాడని "ఇంటి వైరింగే" అనేసి, ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం పీవీసీ వైరు ఒక చుట్ట తెచ్చుకున్నాను. చుట్టకు 90 మీటర్లు. నాకు కావలసింది 20. మిగతాది చూసి మా ఆవిడ "ఇల్లంతా మళ్ళీ వైరింగ్ చేయిస్తారా ఏంటి" అంది.

తెనాలిలో మాది ఒక్క అంతస్తు డాబా. పిట్టగోడ నేలకి 7 మీటర్ల ఎత్తు. దాని మీద 20 అడుగుల జీఐ పైపు నిలబెడితే కొస 13 మీటర్లకు వస్తుంది. అక్కణ్ణించి తీగని అటూ ఇటూ వాలుగా దించితే ఇన్వర్టెడ్ వీ, అంటే తలకిందుల V ఆకారపు ఏరియల్. ఒక కొస మా మెట్ల గది మూలకి. రెండోదానికి పక్కింటి కొబ్బరి చెట్టే దిక్కు. ఆ వైపు కరెంటు తీగలు లేవు, ఉంటే ఈ ఆలోచనే మానుకునేవాణ్ణి.

"బాబాయి గారూ, మీ చెట్టుకి ఒక నైలాన్ తాడు కట్టుకోనా?"

"మేకులు గట్రా కొట్టవు కదా?"

"కొట్టనండీ."

"పిడుగు పడితే మా చెట్టు మీదకి తెస్తుందేమిట్రా నీ తీగ?"

ఉరిమితే కోయాక్స్ (రేడియో నుంచి ఏరియల్‌కి పోయే కేబుల్) పీకి బయట పడేస్తానని చెప్పాను. చెట్టు పొడుగు చూసి, పిడుగు ముందు దేన్ని వెతుక్కుంటుందో ఆయనే ఆలోచించుకుని సరే అన్నారు.

లెక్క పాతదే. 143ని మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే సగం తరంగపు డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే రెండు చేతుల తీగ) పొడవు మీటర్లలో వస్తుంది. మన దేశంలో 40 మీటర్ల బ్యాండు (హ్యామ్‌లకిచ్చిన ఒక ఫ్రీక్వెన్సీ పట్టీ) 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా, మధ్యలో 7.1 పట్టుకుంటే 20.14 మీటర్లు. చెరో వైపు పది మీటర్ల ఏడు సెంటీమీటర్లు. చాలామంది ఇక్కడితో ఆగి, తీగ ఎగరేసి, కొసలు కత్తిరించుకుంటారు. నాకు కంప్యూటర్లో చూసుకోవాలనే సరదా.

ఏరియల్ ఎలా పనిచేస్తుందో లెక్కగట్టే ప్రోగ్రాము ఫోర్‌నెక్‌టూ ఉచితం. దాని లోపల నడిచే ఇంజన్ నెక్-2, 1981లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌ నుంచి వచ్చింది. పంచ్ కార్డుల కాలం వాసన ఇంకా పోలేదు: ఒక్కో వరుసని ఇప్పటికీ కార్డు అనే అంటారు. తీగకు జీడబ్ల్యూ కార్డు, నేలకు జీఎన్ కార్డు, కరెంటు ఎక్కించే చోటికి ఈఎక్స్ కార్డు. తీగని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఎంత కరెంటు పారుతుందో, అది మిగతా ముక్కల్ని ఎలా కదిలిస్తుందో కలిపి లెక్కగడుతుంది. అంతే దాని పని.

మొదటి రాత్రి రెండు తప్పులు చేశాను. వీ ఆకారం కదా, రెండు తీగలు కలిసే మొన దగ్గర సోర్సు (కరెంటు ఎక్కించే చోటు) పెట్టాలి. నేను దాన్ని ఒక తీగ చివరి ముక్కలో పడేశాను, దాంతో అది మధ్య నుంచి ఒక పక్కకి జరిగింది. ఇంపెడెన్స్ (కరెంటుకి ఏరియల్ పెట్టే అడ్డు) ఏదో వింత అంకె. మొన దగ్గర చిన్న మూడో తీగ వేసి దాని నడిమధ్యలో పెడితే దారికొచ్చింది. రెండోది, నేలని "పర్ఫెక్ట్" అని వదిలేశాను. గెయిన్ (ఒక దిక్కుకి సంకేతం ఎంత బలంగా పోతుందన్న లెక్క) చూసి ఉబ్బిపోయాను. మామూలు మట్టి అంకెలు, అంటే కండక్టివిటీ 0.005, డైఎలెక్ట్రిక్ 13 ఇచ్చేసరికి రెండు డెసిబెల్‌ల దాకా జారిపోయింది. మా నేల ఇత్తడి పళ్ళెం కాదు మరి.

ప్యాటర్న్, అంటే సంకేతం ఏ దిక్కుకి ఎంత పోతుందన్న బొమ్మ, మాత్రం నచ్చింది. పొంగిన బూరెలా ఉంది, బలమంతా నెత్తి మీదకే. దూరదేశాలు పట్టాలనుకునేవాళ్ళు దీన్ని చూసి పెదవి విరుస్తారు. నాకు కావలసింది హైదరాబాదు, విశాఖ, చెన్నై. పొద్దున పూట పైకి పోయిన సంకేతం ఆకాశంలోని విద్యుదావేశపు గాలి పొర అయనోస్ఫియర్ తగిలి నాలుగైదు వందల కిలోమీటర్ల లోపు గొడుగులా దిగాలి. నిటారు విప్ (కడ్డీ ఏరియల్) పెట్టుకుని పక్క జిల్లా వాడికి వినపడటం లేదని బాధపడేవాళ్ళకి ఈ బూరె చూపించాలి.

పొడవు దగ్గర మోడలూ సూత్రమూ ఇంచుమించు ఒకే మాట చెప్పాయి. ఆదివారం తీగ ఎగరేశాను. నానో వీఎన్ఏ (ఏరియల్‌ని కొలిచే చిన్న పరికరం) తగిలిస్తే గీతలోని గుంట, అంటే ఏరియల్ బాగా కుదిరే ఫ్రీక్వెన్సీ, 7.1 దగ్గర కాదు, 6.86 దగ్గర ఉంది. పైగా కోయాక్స్‌ని చేత్తో పట్టుకుంటే గుంట కదులుతోంది! కోయాక్స్ పైజల్లెడ (పైనున్న లోహపు అల్లిక) కూడా ఏరియల్‌లో వాటాదారైందన్నమాట. నేను కంప్యూటర్‌కి ఇచ్చిన ఇంట్లో కోయాక్సే లేదు, పాపం దానికేం తెలుసు. పైజల్లెడ మీద పారే కరెంటుని ఆపడానికి నాలుగు లీటర్ల పెయింటు డబ్బా చుట్టూ పదిహేను అడుగుల కోయాక్స్ ఏడు చుట్లు తిప్పి, డబ్బా తీసేసి, చుట్టని టేపుతో బిగించి మొన దగ్గర వేలాడదీశాను. చెయ్యి పెట్టినా గుంట కదలడం మానేసి 6.90 దగ్గర కూర్చుంది.

మిగిలిన 200 కిలోహెర్ట్జ్ ఎక్కడికి పోయాయి? డాబా స్లాబులోని ఇనుప చువ్వల్ని అనుమానించి, తీగల వలలా అల్లి మోడల్లో పెట్టడానికి రెండు రాత్రులు తగలేశాను. కాస్త కదిలింది గానీ అంత కాదు. మూడో రాత్రి మిగిలిన వైరు చుట్ట కాలికి తగిలి తట్టింది: పీవీసీ తొడుగు! తొడుగున్న తీగలో తరంగం కొంచెం నెమ్మదిస్తుంది, ఏరియల్ ఉన్నదానికన్నా పొడుగైనట్టు నడుచుకుంటుంది. నెక్-2కి తొడుగన్న ఊహే లేదు, నేనిచ్చింది వట్టి రాగి తీగ. 2022 నుంచి ఉచితమైన ఈజీనెక్ అనే అలాంటి ఇంకో ప్రోగ్రాములో తొడుగు మందం అడిగే గడి ఉంది. వెర్నియర్‌తో కొలిచి 0.7 మిల్లీమీటర్లు ఇచ్చాను. 6.91 అంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, కానీ పన్నెండు గంటలకి ఎవరికి చెప్పుకుంటాం.

చెరో వైపు 28 సెంటీమీటర్లు తియ్యాలి. తీసింది మళ్ళీ అతకదు కాబట్టి 25 తీసి ఆగాను. 7.08. చాలు.

నెల తిరక్కుండానే బాబాయి గారింట్లో కొబ్బరికాయల దింపు. చెట్టెక్కే మనిషి నా తాడు చూసి "ఇది అడ్డమండీ, రెండడుగులు కిందికి కట్టుకోండి" అన్నాడు. మోడల్లో ఆ కొస ఎత్తు 9 తీసి 8.4 కొట్టి చూశాను, అంకెలు పెద్దగా కదల్లేదు. కింద నుంచే "కట్టెయ్యి" అని కేకేశాను.