మా వంతు సాయంత్రం ఐదింటికి

2024 సెప్టెంబరు 11, బుధవారం. సింగ్‌నగర్, విజయవాడ.

ఇది కొత్త నోటుపుస్తకం. మేడమీద మామ్మగారి మనవడు "స్కూలు ఎలాగూ లేదుగా ఆంటీ, తీసుకోండి" అని ఇచ్చాడు. పాతది నా కొలతల పుస్తకం. ముందు నుంచి కస్టమర్ల కొలతలు, వెనక నుంచి నా గొడవలు రాసుకునేదాన్ని. పది రోజులు వరద నీళ్లలో నాని అట్టలతో సహా ముద్దయిపోయింది. ఎనిమిదేళ్ల కొలతలు. పేజీ తిప్పబోతే చేతికి బంకలా అంటుకుంది, ఇక తిప్పలేదు.

నీళ్లు నిన్న సాయంత్రానికి మడమల్లోకి దిగాయి. పొద్దున ఆరింటికి మెట్లు దిగి చూస్తే గోడ మీద గీత కనిపించింది, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. కింద గోధుమరంగు, పైన మా పాత ఆకుపచ్చ రంగు. మెడలో టేపు ఉంది కాబట్టి కొలిచాను. నేల నుంచి 57 అంగుళాలు. నా ఎత్తు 61.

ఆ టేపు సంగతి చెప్పాలి. ఒకటో తారీఖు ఆదివారం పొద్దున నీళ్లు గుమ్మం దాటినప్పుడు బంగారం, ఆధార్ కార్డులు, పిల్లాడి సర్టిఫికెట్లు సంచిలో వేసుకుని మేడెక్కాం. పైకెళ్లి కూర్చున్నాక చూసుకుంటే మెడలో టేపు వేలాడుతోంది. ముందు రాత్రి ఏదో కుడుతూ తీయడం మర్చిపోయినట్టున్నాను. మిషను, అత్తగారి కంచు బిందె, కొత్త మిక్సీ కిందే ఉండిపోయాయి. ముప్పై రూపాయల టేపు మాత్రం నాతో పైకొచ్చింది.

పైనుంచి పది రోజులు ఏం చూశామో మళ్లీ రాయాలని లేదు. వెలగలేరు వైపు బుడమేరు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయని, కృష్ణ కూడా నిండుగా ఉండటంతో నీళ్లు పోయే దారి లేదని ఫోన్లో ఛార్జింగు ఉన్నంతసేపు విన్నాం. రెండో తారీఖున ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయట, ఇంతవరకు ఎప్పుడూ అంత రాలేదట. 2005లో కూడా బుడమేరు వచ్చింది కానీ ఇలా లేదని మామ్మగారు అన్నారు. ఆవిడ ప్రతిదీ 2005తోనే పోలుస్తారు. డ్రోన్ ఒకటి మా నెత్తి మీదుగా వెళ్లి పక్క వీధి డాబా మీద పొట్లాలు దించితే "మనకెందుకు దించలేదు" అని మావాడు ఏడ్చాడు. మర్నాడు పడవలో పాలు, పులిహోర వచ్చాయి. చవితి నాడు పసుపు ముద్దతోనే గణపతిని చేశాం, పత్రి లేదు. మూడో గండి కూడా పూడ్చారన్న కబురు ఆ రోజే వచ్చింది. మామ్మగారు గణపతి వైపు చూసి దండం పెట్టారు. గండి పూడ్చిన మిలటరీ వాళ్లకు కూడా పెట్టండి అన్నాను.

ఇవాళ్టి సంగతి వేరు. ఇవాళ బురద రోజు.

మా వీధిలో పద్నాలుగు ఇళ్లు. రోడ్డు వైపు మెరక, లోపలికి వచ్చేకొద్దీ పల్లం. ఆ పల్లం చివర మాది. మామూలు వానకే వీధిలో నీళ్లన్నీ మా గుమ్మం ముందు చేరతాయి. అందుకే అద్దె ఐదు వందలు తక్కువ.

ఆరున్నరకి ఎవరికి వాళ్లు చీపుర్లు పట్టుకుని మొదలుపెట్టేశారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పదో నంబరు ఇంట్లోంచి తోసిన బురద నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చినట్టు వచ్చి మా మెట్టు ఎక్కింది. వెనకే పదకొండో ఇంటిది. ఏమని అడగను? వాళ్ల ఇల్లు వాళ్లు కడుక్కుంటున్నారు.

అప్పుడు మూడో ఇంటి తాతయ్య బయటికి వచ్చారు. రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్‌గా చేసి రిటైరైన మనిషి. లుంగీ పైకి కట్టి వీధి మధ్యలో నిలబడి అరిచారు.

"ఆపండెహె! ఎవరింట్లో బురద వాళ్లు తోస్తే ఎక్కడికి పోద్ది? ఆ చివరి పిల్ల ఇంట్లోకి పోద్ది. రోడ్డు కాడ నుంచి ఒక్కో ఇల్లే పట్టుకుని రావాలి. అందరూ ఒక్క ఇంట్లో, ఆ తర్వాత పక్కింట్లో."

ఎవరో గొణిగారు. "మా ఇంటి దాకా వచ్చేసరికి బురద ఎండిపోద్ది తాతా." ఆ మాటా నిజమే. ఈ బురద నీళ్లు ఉన్నంతసేపే కదులుతుంది. ఎండిందా, పారతో చెక్కాల్సిందే, సిమెంటు లెక్క. దానికీ ఆయనే చెప్పారు. వెనకాల ఇళ్లవాళ్లు గుమ్మానికి గుడ్డలు కుక్కి నీళ్లు పోనివ్వకుండా ఉంచాలట, వంతు వచ్చేదాకా ఇంట్లో బురదను కర్రతో కలుపుతూ ఉండాలట. నలభై ఏళ్లు పట్టాల మీద గ్యాంగుతో పనిచేసిన మనిషి, ఆ లెక్క ఆయనకి తెలుసు.

సరే అన్నారందరూ. నేనూ సరే అన్నాను. కానీ లోపల ఒకటే టెన్షన్. పదమూడు ఇళ్లు అయ్యేసరికి ఎంతమంది మిగులుతారు? అలసిపోయి, స్నానం చేసి పడుకున్న వాళ్లని లేపుతానా? నేనైతే ఏం చేసేదాన్నో కూడా నాకు తెలియదు.

మొదటి ఇంట్లో ఇరవై రెండు మందిమి. లెక్కపెట్టాను. ప్రతి ఇంటి దగ్గరా లెక్కపెడుతూనే ఉన్నాను, అది మంచి బుద్ధి కాదని తెలిసినా. మగవాళ్లు పారలతో లోపలి గదుల నుంచి లాగుతారు, మేము వైపర్లతో గుమ్మం దాటిస్తాం, పిల్లలు తట్టల్లో రోడ్డు మీదికి. తొమ్మిదింటికి వరుస కుదిరింది, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకుండా.

పదిన్నరకి ఫైరింజను వచ్చింది. కుర్రాళ్లు సీమ యాస మాట్లాడుతున్నారు, ఎన్ని రోజులైందో ఇంటికి వెళ్లి. పైపు పెట్టి రెండు, మూడు, నాలుగు ఇళ్లు కడిగేశారు. గంటన్నర పని పది నిమిషాల్లో. వేరే వీధి నుంచి పిలుపొస్తే వెళ్లిపోయారు. మామ్మగారు ఇచ్చిన మజ్జిగ కూడా నిలబడే తాగారు.

మధ్యలో నవ్వులూ ఉన్నాయి. ఖాళీ గ్యాస్ సిలిండర్లన్నీ తేలుతూ ఎటుపడితే అటు పోయాయి. ఏది ఎవరిదో ఏం గుర్తు? అన్నీ ఎర్రవే. తలా ఒకటి తీసుకోండి అని తాతయ్య పంచారు. మా ఇంట్లో నాలుగు చెప్పులు దొరికాయి, నాలుగూ ఎడమకాలివే. ఎవరిదో నీలం ప్లాస్టిక్ కుర్చీ మా బాత్రూంలో ఇరుక్కుంది. అడిగితే మాది కాదంటారు. ఉండనీ.

మధ్యాహ్నం మా మేడమీదే వంట. సాయంగా ఇచ్చిన బియ్యం, బంగాళాదుంపలు. పెద్ద గిన్నె చాలక రెండుసార్లు వండాల్సి వచ్చింది. పది రోజుల పొట్లాల తర్వాత వేడి అన్నంలో ఉత్త దుంపల వేపుడు. ఏడో ఇంటి పిన్ని కళ్లు మూసుకుని తిన్నది.

తిన్నాక పదిహేను మందిమి. ఆరో ఇంటివాళ్లు తాళం వేసి గుడివాడ చుట్టాలింటికి వెళ్లిపోయారు. వాళ్ల ఇల్లు పదకొండున్నరకే అయిపోయింది. వాళ్ల గదులు నేను వంగి వంగి తోశాను, నడుము ఇప్పటికీ తెలుస్తోంది. కోపం వచ్చింది. రాత్రయింది, ఇంకా ఉంది, దాచుకోను. కాకపోతే వెళ్తూ వెళ్తూ వాళ్ల మోటారు, పైపు తాతయ్యకి అప్పజెప్పి వెళ్లారు. ఆఖరికి మా ఇంట్లో నీళ్లు తోడింది ఆ మోటారే. దాన్ని ఏ ఖాతాలో రాయాలో నాకు అర్థం కాలేదు.

మూడింటికి చెల్లి ఫోను చేసింది ఖమ్మం నుంచి. ఆ ఆదివారమే అక్కడ మున్నేరు వాగు పొంగింది. ఇద్దరం ఒకే రోజు మునిగాం, అమ్మ ఎవరికని ఏడవాలో తెలియక ఇద్దరికీ ఏడ్చింది. "మీది ఎన్ని అంగుళాలే?" అని అడిగాను. "నీలాగా టేపు పెట్టలేదే అక్కా, ఫ్రిజ్ మునిగింది" అంది. వాళ్లది కడగడం అయిపోయిందట, కానీ వాసన పోవడం లేదట. బ్లీచింగ్ చల్లి తలుపులు తీసిపెట్టు అన్నాను. నాకేదో పెద్ద అనుభవం ఉన్నట్టు.

పన్నెండో ఇంటికి వచ్చేసరికి ఎవరూ మాట్లాడటం లేదు. పారల చప్పుడే. పదమూడు అయ్యాక అందరూ అరుగు మీద కూలబడ్డారు. ఐదు దాటింది. నేను లెక్కపెట్టడం మానేసి నేల చూస్తున్నాను. మా ఆయన ఆటోని తాడు కట్టి లాక్కుంటూ మెకానిక్ దగ్గరికి పోయి ఇంకా రాలేదు. ఒక్కదాన్నీ ఏం చేయను అనుకుంటూ లేచి పార తీసుకున్నాను.

వెనకాల తాతయ్య గొంతు. "ఏమ్మా, గుడ్డలు తీసేయి, నీళ్లు రానీ."

పదకొండు మంది వచ్చారు. ఏడో ఇంటి పిన్ని వచ్చింది, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పదో ఇంటాయన, పొద్దున మా మెట్టు మీదికి బురద తోసినాయన, అందరికంటే ముందు లోపలికి వెళ్లాడు. నన్ను చూసి ఏమీ అనలేదు, నేనూ అనలేదు. ఏడుంబావుకి సెల్‌ఫోన్ లైట్ల వెలుగులో నేల మొజాయిక్ చుక్కలు కనిపించాయి. నిజం చెప్పాలంటే అప్పుడు ఏడ్చాను. పిన్ని చూసి, "ఏడిస్తే మళ్లీ తుడవాలి, ఊరుకో" అంది.

మా ఆయన ఎనిమిదింటికి వచ్చాడు. ఇంజన్లో ఆయిల్ తీస్తే పాలు పోసిన కాఫీలా వచ్చిందట. స్టార్ట్ చేయకుండా తీసుకురావడం మంచిదైందని మెకానిక్ అన్నాడట. అక్కడ ఆటోలు, బండ్లు రోడ్డు పొడుగునా వరుస. మనది ముప్పై ఒకటో నంబరు అన్నాడు. సీసాలో కొంచెం డీజిల్ తెచ్చాడు నా మిషను కోసం. అడగలేదు నేను.

మిషను హెడ్ విప్పి పాత చీర మీద పెట్టాను. బాబిన్ కేస్‌లోంచి బురద పిండిలా రాలింది. షటిల్ తిరగడం లేదు. డీజిల్ పోసి, బ్రష్‌తో రుద్ది, చేత్తో చక్రం అటూ ఇటూ ఆడించాను. కదల్లేదు. మళ్లీ పోశాను. అరగంటకి ఒక పిసరు కదిలింది, తర్వాత సగం చుట్టు. పూర్తిగా ఇంకా తిరగలేదు. రాత్రంతా ఆయిల్లో ఉంచి రేపు చూడాలి. తోలు బెల్టు పోయింది, అది కొనాల్సిందే.

ఇంక అసలు భయం. కస్టమర్ల బ్లౌజు ముక్కలు ఇరవై మూడు. సజ్జ మీద ఉన్న తొమ్మిది బాగానే ఉన్నాయి, కింద బుట్టలోవి పోయాయి. అందులో నాలుగో ఇంటి అమ్మాయి పెళ్లి బ్లౌజు, కార్తీకంలో పెళ్లి. మగ్గం వర్కు చేయించిన ముక్క. కుందన్లు ఊడి, ఎర్రరంగు జరీ మీదికి దిగిపోయింది. రోజంతా వాళ్లమ్మ నా పక్కనే వైపర్ పట్టుకుని ఉన్నా ఆ మాట ఎత్తలేకపోయాను.

తొమ్మిదింటికి తల్లీకూతుళ్లిద్దరూ వాళ్లే వచ్చారు. ముక్క చూపించాను. ఆవిడ చేతిలోకి తీసుకుని లైటు దగ్గర తిప్పి తిప్పి చూసింది. చాలాసేపు మాట్లాడలేదు.

"వర్కుకే నాలుగు వేలయింది" అంది చివరికి.

"తెలుసు అక్కా."

"కొత్త ముక్క తెస్తాను. ఈసారి సాదాదే. కుట్టుకూలి సగమే ఇస్తాను."

"అసలు వద్దక్కా."

"సగం అన్నానుగా. మిషనుకి బెల్టు కొనుక్కోవా?" అని కసిరింది. కూతురి వైపు తిరిగి, "నిలబడు. కొలతలు ఇప్పుడే ఇచ్చేయ్, మళ్లీ రాలేను" అంది.

మెడలో టేపు తీశాను. బురద చేత్తోనే ఎట్లా అనిపించి మళ్లీ కడుక్కుని వచ్చాను. కరెంటు వచ్చి పోతోంది, పిల్లాడు ఫోను లైటు పట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఈ పది రోజుల్లో చిక్కింది, పాత కొలత నాకు గుర్తుంది. ఒక అర అంగుళం వదులుగానే రాశాను, పెళ్లినాటికి కోలుకుంటుందని.

పొడవు 14, ఛాతీ 34½, నడుము 29, భుజం 14, చెయ్యి పొడవు 10, వెనక మెడ 8. వెనక ముడి, దారాలు కావాలట.