లంకమల వాలులో ఒక వేపమాను
కడప జిల్లా లంకమల కొండవాలులో, మామిడి, వేప చెట్ల నడుమ కంది, కొర్ర పండించే మా మేనమామ చేనిలో నిన్న ఒక పూట గడిపాను. నేలకు 1.3 మీటర్ల ఎత్తున వేపమాను చుట్టుకొలత తీస్తుంటే, "ఏందల్లుడా, దానికి చొక్కా కుట్టిస్తావా?" అని ఆయన నవ్వారు. మాను చుట్టుకొలతను బట్టి చెట్టులోని కలప బరువును అంచనా వేయవచ్చని, ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమేనని (కార్బన్), ఒక కిలో కర్బనం నిల్వ ఉందంటే చెట్టు గాలిలోంచి సుమారు 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ తీసుకున్నట్టేనని వివరించాను. ఆయన మారుమాట్లాడకుండా రాలిన ఆకులను పక్కకు తోసి, నల్లబడి ఇంకా తేమ ఆరని గుప్పెడు మట్టి చూపారు. పది అడుగుల అవతల, చెట్టు లేని చోట, అదే నేల ఎర్రగా, గరుసుగా, వానకు కోసుకుపోయి ఉంది. నా టేపు (అదీ దర్జీ టేపే) మానును కొలవగలదు గానీ, ఆ గుప్పెట్లోని కర్బనం తేలాలంటే మట్టి నమూనాలను ప్రయోగశాలకు పంపవలసిందే.